అద్దాల బీరువాలో కెమెరాలు ఎందుకు తగ్గాయంటే

నా పాత ఫిల్మ్ కెమెరాల షాపుకు వచ్చేవాళ్లు ఈ మధ్య అడుగుపెట్టగానే అడుగుతున్న ప్రశ్న ఒకటే: "ఏంటన్నా, బీరువా ఖాళీగా ఉంది?" వాట్సాప్‌లోనూ ఇదే. గుంటూరు నుంచి, తెనాలి నుంచి, ఏలూరు నుంచి ఎవరో ఒకరు "రెండు వేలల్లో ఏమైనా ఉందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నాను.

పాత ఫిల్మ్ కెమెరాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మూతపడిన స్టూడియోల నుంచి వస్తున్నాయి, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో కనిపిస్తున్నాయి, పాత సామాన్ల కొట్లవాళ్లు ఫోన్ చేసి మరీ చెబుతున్నారు. అయితే ఇప్పుడు నేను ఏ కెమెరాలోనైనా ఒక రీలు వేసి, ఫోటోలు తీసి, కడిగి, నెగెటివ్ చూసుకున్నాకే అమ్మకానికి పెడుతున్నాను. దాంతో బీరువాలోకి వచ్చేవి తగ్గాయి. ధర కూడా కొంచెం పెరిగింది. ఇది ఇలాగే ఉంటుంది.

ఎందుకో లెక్క చెప్తాను. కలర్ రీలు ఇవాళ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంది. కడిగించి స్కాన్ చేయించడానికి ఇంకో నాలుగైదు వందలు. అంటే 36 ఫోటోలకు దాదాపు పదిహేను వందలు. కెమెరా పదిహేను వందలకే వచ్చిందని సంతోషపడి, వెనక మూత సందులోంచి వెలుతురు పడుతోందని రీలు కడిగాక తెలుసుకుంటే, కెమెరా ఖరీదంత డబ్బు ఒక్క రీలులోనే పోయింది. ఆ రీలులో ఉన్నది తాతయ్య సహస్ర చంద్ర దర్శనం అయితే ఆ ఫోటోలు ఇక రావు. ఈ ఊళ్లో చాలామంది కాలేజీ పిల్లలు డబ్బులు దాచుకుని మొదటి కెమెరా కొంటున్నారు. మొదటి రీలు మసగ్గా వస్తే వాళ్లు మళ్లీ ఫిల్మ్ జోలికి రారు. అలా ఒక్కరు వెనక్కి వెళ్లిపోయినా నాకు బాధే.

టెస్ట్ రీలు బ్లాక్ అండ్ వైట్‌లో వేస్తాను. కలర్ కంటే చవక, పైగా షాపులోనే కడుక్కోవచ్చు. దూరపు ఫోకస్ చూడటానికి సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీని తీస్తాను. 70 గేట్లూ వరసగా ఉంటాయి కాబట్టి ఫ్రేములో ఏ మూల తేడా ఉన్నా తెలిసిపోతుంది. ఎడమవైపు స్తంభాల అంచులు పదునుగా వచ్చి కుడివైపు మెత్తగా వస్తే ఆ కెమెరా ఎప్పుడో కిందపడి లెన్స్ ఒరిగిందని అర్థం. తర్వాత అదే రీలుతో కెమెరాను కాసేపు ఎండలో తిప్పి తిప్పి పెడతాను. ఎక్కడైనా వెలుతురు దూరుతుంటే ఆ ఫ్రేము మీద చార పడుతుంది. షట్టర్ స్పీడు (ఫిల్మ్ మీద వెలుతురు పడే సమయం) ఒక్కొక్కటీ మార్చి ఒకే గోడను తీస్తాను, దానికి తగ్గట్టు అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) కూడా మారుస్తూ. నెగెటివ్‌లన్నీ ఒకే చిక్కదనంతో రావాలి. దీనంతటికీ టైం పడుతుంది, కానీ షట్టర్ చప్పుడు చెవితో విని "బానే ఉంది" అనడం నాకు ఇష్టం లేదు. సెకనులో ముప్పయ్యో వంతుకూ అరవయ్యో వంతుకూ తేడా చెవికి అందుతుంది. 250వ వంతుకూ 500వ వంతుకూ తేడా ఎవరి చెవికీ అందదు.

మన ప్రాంతపు వాతావరణం పాత కెమెరాలకు పడదు. వెనక మూత చుట్టూ, అద్దం కొట్టుకునే చోట నల్లటి నురగ పట్టీలు ఉంటాయి. నలభై యాభై ఏళ్లు గాలిలో తేమ పీల్చి అవి తారులా జిగురెక్కుతాయి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటాయి. స్పిరిట్‌తో, వెదురు పుల్లతో ఓపిగ్గా గీకి తీసి, కొత్త పట్టీ వేయాలి. ఇనుప సూది వాడకూడదు, గీతలు పడతాయి. వానాకాలం వచ్చిందంటే లెన్స్ లోపల ఫంగస్. సాలెగూడు నూలు పోగుల్లాంటి గీతలు కనిపిస్తాయి. తొందరగా పట్టుకుంటే శుభ్రం చేయొచ్చు. ఏళ్లతరబడి వదిలేస్తే అది గాజు మీది కోటింగును తినేస్తుంది, తుడిచినా గుర్తు పోదు. ఇక రోహిణి కార్తె ఎండలు. ఆ వేడికి లోపలి గ్రీజులోంచి నూనె పల్చబడి జారి అపర్చర్ రేకుల మీదకు చేరుతుంది. రేకులు ఒకదానికొకటి అతుక్కుని కదలడం మానేస్తాయి. కారు డ్యాష్‌బోర్డు మీద కెమెరా పెట్టొద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

చాలామంది అడిగే యాషికా ఎలక్ట్రో 35 గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1966లో వచ్చిన కెమెరా ఇది. 45 మిల్లీమీటర్ల లెన్స్, అపర్చర్ ఎఫ్ 1.7 దాకా పెద్దగా తెరుచుకుంటుంది, సాయంత్రం వెలుతురులో కూడా చక్కగా పనిచేస్తుంది. అపర్చర్ మనం పెడితే షట్టర్ స్పీడు అదే చూసుకుంటుంది. ఇందులో ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది, వయసు మీద పడ్డాక పొడిపొడి అయిపోతుంది. బయటికి కెమెరా బాగానే ఉంటుంది, క్లిక్ అంటుంది, కానీ షట్టర్ టైమింగ్ తప్పుతుంది. కొనేముందు మీరే తెలుసుకోవచ్చు: రీలు ముందుకు లాగే లివర్ తిప్పినప్పుడు లోపల ఏదో పడినట్టు "టక్"మని ఒక చప్పుడు రావాలి. రాకపోతే ఆ రబ్బరు పోయినట్టే. మార్చొచ్చు, కానీ పైభాగం విప్పాలి, సగం రోజు పని. రెండు వేలకు కొన్న ఎలక్ట్రోకు ఈ పని కలిపితే ఖర్చెంతవుతుందో ముందే లెక్కేసుకోండి.

దానికి కావాల్సిన 5.6 వోల్టుల మెర్క్యురీ సెల్లు ఇప్పుడు రాదు. పాదరసం వల్ల ఆ సెల్లుల తయారీ ఎప్పుడో ఆపేశారు. ఈ సమస్యకు పరిష్కారం మన ఊళ్లోనే దొరికింది. ఆటోనగర్‌లో ఒక లేత్ పనివాడికి కొలతలు ఇచ్చి, ఇత్తడితో అడాప్టర్లు తిప్పించాను. మామూలు 6 వోల్టుల సెల్లు పెడితే ఎలక్ట్రో చక్కగా పనిచేస్తోంది. అయితే అన్ని కెమెరాలూ ఇలా సర్దుకోవు. 1.35 వోల్టుల గుండ్రటి మెర్క్యురీ సెల్లు వాడిన వాటిలో 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు పెడితే చాలా మీటర్లు (కెమెరాలో వెలుతురు కొలిచేవి) వెలుతురు ఎక్కువుందని పొరబడి ఫోటోలు చీకటిగా తీస్తాయి. వాటికి చెవి మిషన్లలో వాడే జింక్ సెల్లు, 1.4 వోల్టులది, నయం. స్టిక్కరు పీకాక కొన్ని వారాలే ఉంటుంది కానీ ఉన్నన్నాళ్లూ వోల్టేజీ నిలకడగా ఉంటుంది.

ఇక నేను తీసుకోని పనులు. 1990ల నాటి ఆటోఫోకస్ పాకెట్ కెమెరాలు రిపేరుకు తీసుకోవడం ఆపేశాను. లోపలంతా సర్క్యూట్, సన్నటి ప్లాస్టిక్ పళ్లచక్రాలు. స్పేర్లు ఎక్కడా లేవు. ఇంకో చచ్చిన కెమెరా నుంచి పీకి పెట్టినా అది ఎన్నాళ్లు నడుస్తుందో నేను మాట ఇవ్వలేను. మాట ఇవ్వలేని పనికి డబ్బు తీసుకోను. యూట్యూబ్ చూసి ఇంట్లో విప్పేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక: యాషికా ఎంఎఫ్-2 లాంటి ఫ్లాష్ ఉన్న కెమెరా జోలికి వెళ్లకండి. పెన్సిల్ సెల్లులు తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవుండొచ్చు. గట్టిగా కొడుతుంది.

వరదలో మునిగిన కెమెరాలు కూడా కొనను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఇళ్లలోకి వచ్చాక చాలా కెమెరాలు నా బల్ల మీదికి వచ్చాయి. తమ ఇంటి కెమెరాను బాగుచేయమని తెచ్చినవాళ్లకు చేతనైనంత చేశాను, ఇప్పటికీ చేస్తాను. కానీ బురదనీళ్లలో మునిగినవాటిని పైపైన తుడిచి "పనిచేస్తుంది" అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటివి గుర్తుపట్టాలంటే స్క్రూల గాడుల్లో చూడండి, పిండిలాంటి సన్నటి ఒండ్రు ఉంటుంది. రీలు వెనక్కి చుట్టే కడ్డీని పైకి లాగి చూడండి, తుప్పు కనిపిస్తుంది. వ్యూఫైండర్‌లో అంచుల దగ్గర నల్లటి మరకలుంటే లోపలి అద్దం వెండిపూత లేచిపోయింది.

ఆ వరదప్పుడే ఒక సింగ్ నగర్ ఆవిడ తడిసిన పెళ్లి ఆల్బం, నెగెటివ్‌ల కవరు తెచ్చి, "అన్నయ్యా, కెమెరా పోతే పోయింది, ఇవి చూడండి" అన్నారు. ఆవిడకు చెప్పిందే అందరికీ చెప్తున్నా. తడిసిన ఫోటోలను ఒకదాని మీద ఒకటి పెట్టి ఆరనివ్వకండి, అతుక్కుపోతాయి. మంచినీళ్లలో మెల్లగా కడిగి, బొమ్మవైపు పైకి పెట్టి, నీడలో విడివిడిగా ఆరబెట్టండి. నెగెటివ్‌లను క్లిప్పులతో తాడుకు వేలాడదీయండి. బొమ్మవైపు వేలితో తుడవొద్దు, తడిసినప్పుడు ఆ పొర జెల్లీలా ఉంటుంది. ఆవిడ నెగెటివ్‌లలో చాలావరకు దక్కాయి.

నా దగ్గరే కొనాలని లేదు. బయట కొంటుంటే ఈ పనులు చేయండి. వెనక మూత తెరిచి, షట్టర్ స్పీడు బి (బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది) మీద పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, బటన్ నొక్కిపట్టి లెన్స్‌ను ఆకాశం వైపు తిప్పి చూడండి. ఫంగస్ ఉంటే కనిపిస్తుంది. ఒక సెకను స్పీడు పెట్టి నొక్కండి, మధ్యలో ఆగిపోతే లోపల నూనె ఎండిపోయింది. సెల్లుల గది తెరవండి, పచ్చటి పొడి ఉంటే వైరు దాకా తిని ఉండొచ్చు. "టెస్ట్ చేయలేదు" అని రాసి ఉంటే అది పనిచేయదనే అనుకుని ధర కట్టండి. అమ్మేవాడు వెనక మూత తెరిచిన ఫోటో పంపకపోతే వదిలేయండి.

అసలు కొనేముందు ఇంట్లో వెతకండి. ఈ మాట చెబితే నా వ్యాపారం తగ్గుతుందని మా ఆవిడ అంటుంది, అయినా చెప్తాను. మన ఇళ్లల్లో అటక మీదో, బీరువా అడుగునో, పాత పట్టుచీరల కిందో ఒక కెమెరా ఉంటుంది. మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ 3 చాలామంది ఇళ్లల్లో ఉండేది. 120 అనే వెడల్పాటి రీలు వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు వస్తాయి. అందులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు, శుభ్రం చేస్తే ఎక్కువ శాతం మళ్లీ నడుస్తాయి. దొరికిన కెమెరా ఏదైనా వెంటనే మూత తెరవకండి. లోపల రీలు ఉండొచ్చు. 35 ఎంఎం కెమెరా అయితే రీలు వెనక్కి చుట్టే పిడిని మెల్లగా తిప్పండి. బిగుతుగా తగిలితే రీలు ఉన్నట్టే, అలాగే తీసుకురండి. పాతికేళ్ల నాటి కలర్ రీలును కలర్‌లో కడిగితే చాలాసార్లు బొమ్మ సరిగా రాదు. బ్లాక్ అండ్ వైట్ రసాయనాల్లో కడిగితే మనుషుల ముఖాలైనా దక్కే అవకాశం ఎక్కువ. ఎవరి ఇంటి రీలు అయినా వాళ్లను అడగకుండా స్కాన్లు ఎవరికీ చూపించను.

ఇప్పుడు ధరలు. కెమెరా చూసి ఏముందో చెప్పడానికి 200 రూపాయలు తీసుకుంటున్నాను. పని నాకే ఇస్తే అది బిల్లులో తగ్గిస్తాను. పట్టీలు మార్చి, లెన్స్ బయటి అద్దాలు, వ్యూఫైండర్ శుభ్రం చేయడం 600. లోపలికి వెళ్లాల్సిన పని అయితే విప్పేముందే ధర చెప్తాను, మీరు సరేనంటేనే ముట్టుకుంటాను. కెమెరా విలువ కంటే రిపేరు ఖర్చు ఎక్కువైతే అది కూడా చెప్తాను. మీ నాన్నగారిదనో, తాతగారిదనో మీరు చేయించుకుంటానంటే సంతోషంగా చేస్తాను. నేను అమ్మిన కెమెరాకు మూడు నెలల్లో ఏమైనా అయితే ఊరికే బాగుచేస్తాను. కిందపడితే, నీళ్లలో పడితే మాత్రం కాదు.

ఏప్రిల్, మే నెలల్లో రీళ్లు కడగడం ఆలస్యమవుతుంది, దయచేసి అర్థం చేసుకోండి. బ్లాక్ అండ్ వైట్ రసాయనం 20 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ రోజుల్లో మన కుళాయి నీళ్లు ఎంత వేడిగా వస్తాయో మీకు తెలుసు. టబ్బులో ఐసు వేసి, థర్మామీటరు పెట్టి, తెల్లవారుజామునే కడుగుతున్నాను. వేడి నీళ్లలో టైం తగ్గించి కడగొచ్చు కానీ మరీ తక్కువ టైం అయితే నెగెటివ్ అంతటా ఒకేలా రాదు. కలర్ రీళ్లు బయటి ఊరి ల్యాబుకే పంపుతున్నాను, వచ్చేసరికి పది పదిహేను రోజులు.

ప్రస్తుతం టెస్ట్ పూర్తయి అమ్మకానికి ఉన్నవి మూడే. పెంటాక్స్ కె1000 ఒకటి: ఇందులో సెల్లు మీటరుకే, అది అయిపోయినా షట్టర్ నడుస్తుంది, నేర్చుకునేవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే. ఒలింపస్ ట్రిప్ 35 ఒకటి: సెల్లే అక్కర్లేదు, వెలుతురు చాలకపోతే వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేచి ఆపేస్తుంది. మూడోది రష్యన్ జెనిత్-ఇ. దీని మీటరు చచ్చిపోయింది, అందుకే ధర తక్కువ. ఎండలో 100 స్పీడు (ఐఎస్ఓ 100) రీలుకు ఎఫ్ 16, సెకనులో 125వ వంతు పెట్టి తీస్తే సరిపోతుంది. నీడలో ఎంత పెట్టాలో కాగితం మీద రాసి కెమెరాతో పాటు ఇస్తాను. ఎలక్ట్రోలు రెండు బల్ల మీద ఉన్నాయి, రబ్బరు మార్చడం అయింది, టెస్ట్ రీలు ఇంకా కడగాలి. వాటికోసం పేరు రాయించుకున్నవాళ్లకు ముందు ఫోన్ చేస్తాను.

మంగళవారం నుంచి శనివారం దాకా ఉదయం పదకొండింటికి షాపు తెరుస్తాను. సోమవారం రిపేరు పనికే, షాపు షట్టర్ సగం దించి ఉంటుంది, అర్జెంటైతే తట్టండి.