నలుగురి వాద్యంలో సినిమా పాటకు చోటు

సంపాదకులకు,

అయ్యా, శాస్త్రీయ సంగీత కచేరీలకు యువతను రప్పించాలంటే సినిమా పాటలు కలపాలా వద్దా అని మీ ఆదివారం సంచికలో వచ్చిన చర్చ చదివాను. కలిపితే సంప్రదాయం పలచబడుతుందన్నవారూ, కలపకపోతే కుర్చీలు నిండవన్నవారూ ఆ పాటను ఎంత శ్రద్ధగా వాయించాలన్న సంగతి మాత్రం ఎత్తలేదు. ముప్పై ఏళ్లుగా విజయనగరంలో వయొలిన్ నేర్పుతున్నాను కనుక, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు నడయాడిన ఈ ఊరి నుంచి నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన ఒక వయోలా, కింది స్థాయి స్వరాలు పలికే పెద్ద తంత్రీవాద్యం చెల్లో ఒకటి కలిసిన బృందాన్ని పాశ్చాత్య సంగీతంలో స్ట్రింగ్ క్వార్టెట్ అంటారు. డేవిడ్ హారింగ్టన్ 1973లో అమెరికాలోని సియాటిల్‌లో నెలకొల్పిన క్రోనోస్ క్వార్టెట్, తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, ఈ కలయికకు అర్ధశతాబ్దం పాటు దారి చూపింది. 1986లో వచ్చిన వారి ఆల్బంలో ఫిలిప్ గ్లాస్, కాన్లన్ నాన్‌కారో వంటి స్వరకర్తల కఠినమైన రచనలతో పాటు జిమీ హెండ్రిక్స్ రాక్ పాట ‘పర్పుల్ హేజ్’ కూడా ఉంది. ఎలక్ట్రిక్ గిటారు గర్జనను కమానుతో రాబట్టిన ఆ వాదనం వింటే, ఆ పాటను వారు ఎరగా వాడుకోలేదని, మిగిలిన రచనలతో సమానంగా సాధన చేశారని తెలుస్తుంది. 2005లో హిందీ సినీ సంగీత దర్శకుడు ఆర్.డి. బర్మన్ పాటలకు ఒక ఆల్బమే కేటాయించి, డెబ్బై దాటిన ఆశా భోంస్లే చేత మళ్లీ పాడించి, జాకిర్ హుస్సేన్ తబలాను, వూ మాన్ వాయించే చైనా వాద్యం పీపాను జత చేసినప్పుడూ వారిది అదే నిష్ఠ.

ఇటీవల ఒక పెళ్లి విందులో నలుగురు వయొలిన్ కళాకారులు సినిమా పాటలు వాయించగా విన్నాను. చప్పట్లు బాగానే మోగాయి గాని, వెనుక రికార్డు చేసిన వాద్యాలు నడుస్తుంటే నలుగురూ ఒకే వరుసను ఒకేలా వాయించారు. నలుగురున్నా వినిపించింది ఒక్క గొంతే, అదే నన్ను బాధించింది. క్వార్టెట్‌లో ఎవరి స్వరభాగం వారిదే. ఒకరు పాట ఎత్తుకుంటే మరొకరు బదులిస్తారు, చెల్లో అడుగున ఉండి పాటను నిలబెడుతుంది. పక్కవాద్యంగా గాయకుణ్ని నీడలా అనుసరించడంలో మన పిల్లలు ఆరితేరినవారే అయినా, ఇలా పంచుకుని వాయించడం వారికెవరూ నేర్పలేదు. స్వరాన్ని ఊపి పలికే మన గమకాన్ని చెడగొట్టకుండా నాలుగు భాగాలు రాయడం కష్టమని నాకూ తెలుసు. అందుకే అది పాఠంగా ఉండాలి.

సంప్రదాయం చెడుతుందని భయపడేవారికి ఒక మనవి. బీథోవెన్ 1806లో రష్యా రాయబారి రజుమోవ్‌స్కీ కోసం రాసిన క్వార్టెట్లలో రష్యన్ జానపద బాణీలున్నాయి. మన ముత్తుస్వామి దీక్షితులవారు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు ఇచ్చారు. ఆయన తమ్ముడు బాలస్వామి దీక్షితులు పట్టుదలగా నేర్చుకున్నందువల్లనే కదా వయొలిన్ అనే పరాయి వాద్యం మన కచేరీలో కుదురుకున్నది!

యువ బృందాల కోసం క్రోనోస్ యాభై కొత్త రచనలు రాయించి, స్వరలిపిని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. వాటిలో జాకిర్ హుస్సేన్ కూర్చిన ‘పల్లవి’ ఒకటి. మన సంగీత కళాశాలలు పాశ్చాత్య స్వరలిపిని, బృందవాదనాన్ని పాఠ్యాంశంగా చేర్చాలనీ, ఇటువంటి ప్రదర్శనలు జరిగినప్పుడు ప్రేక్షకుల సంఖ్యతో సరిపెట్టక సంగీత కూర్పు గురించి కూడా మీ పత్రిక రాయాలనీ కోరుతున్నాను. ఈ వేసవిలో నా శిష్యులు ముగ్గురి చేత నేనూ సాధన మొదలుపెట్టిస్తున్నాను. ఒకమ్మాయి వయోలా పట్టడానికి ఒప్పుకుంది కాని, చెల్లో వాయించేవారు మాకింకా దొరకలేదు. ఉత్తరాంధ్రలో ఎవరైనా ఉంటే మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక వయొలిన్ ఉపాధ్యాయురాలు,
విజయనగరం