క్లిప్పు ఏడ పెట్టాలె సాబ్?

పుణె, ఆదివారం

ఒరేయ్ బావా,

ముందు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేసుకో. పండగ ముందు వచ్చిన నీ ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. సాకులు చెప్పినా నమ్మవు కాబట్టి చెప్పను. ఇంటి సంగతులు గబగబా: అమ్మకి శుక్లాల ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు వంటింటి మూలల్లో దుమ్ము కూడా కనబడుతోందని మా ఆవిడతో రోజూ పేచీ. చంటిది మరాఠీలో నన్ను వెక్కిరించడం నేర్చుకుంది. జీతం పెరగలేదు. అంతే.

ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను.

నీ కొత్త కారు గురించి రాశావు కదా, తెర మాత్రం జానెడున్నర ఉంది, ఏసీ గాలి స్టీరింగ్ మీది చేతులకే కొడుతోంది, మొహం మీద చెమట ఆరట్లేదని. అది చదివేసరికి సరిగ్గా ఆ గొడవ మీదే మా ఆఫీసులో కత్తులు నూరుకుంటున్నాం. డాష్‌బోర్డు మధ్యలో పైభాగం ఉంది చూడు, రోడ్డు మీంచి చూపు ఎక్కువ దించకుండా చూడగలిగే చోటు అదే. గాలి తిన్నగా మొహానికి తగలాలన్నా అదే చోటు. ఒకే స్థలానికి ఇద్దరు హక్కుదారులన్నమాట. పాత కార్లలో వెంట్లు (అదే, ఏసీ గాలి వచ్చే కన్నాలు) పైన, రేడియో కింద. తెరలు పెరిగి పైకెక్కేసరికి వెంట్లు కిందికి దిగాయి. నీ చేతులు చల్లబడటానికి కారణం ఇదే, మెకానిక్ దగ్గరికెళ్ళి గ్యాసు నింపించకు. (నింపించేసే ఉంటావు. నీ సిద్ధాంతం నంబరు నాలుగు తెలుసుగా నాకు.)

కార్ల లోపలి భాగం డిజైన్ చేసే మా స్టూడియోకి ఒక పెద్దాయన ఉన్నాడు. అచ్చం మన గ్రీజు మాస్టారే, కాకపోతే ఈయన చొక్కా మీద మరకలుండవు. ఆయనది ఒకటే పట్టు: వెంటు కంటికి కనబడకూడదు. తెర కింద సన్నగా ఒక గీత ఉండాలి, గాలి ఎటు పోవాలో తెర మీద వేలితో జరపాలి. 2017లో టెస్లా మోడల్ 3 రోడ్డెక్కిన దగ్గర్నుంచి స్టూడియోలన్నిటికీ పట్టిన జ్వరమే ఇది. నిజం చెప్పాలంటే ఆ టెస్లా వాళ్ళ పని చూస్తే నాకూ అసూయే. పైకీ కిందకీ మళ్ళించడానికి కనిపించే రెక్కలు లేవు. ఒక గాలిపాయ సూటిగా వస్తుంటే ఇంకో పాయ దాన్ని తోస్తుంది. గాలిని గాలితోనే తిప్పుతున్నారు! కానీ ఆ గీత వెనక పనిచేసే గొట్టాలకి చోటు కావాలి కదా. మా దాంట్లో తెర వెనక దాని బ్రాకెట్, దాని వెనక స్టీరింగ్‌ని మోసే అడ్డదూలం, పక్కన ఎయిర్‌బ్యాగు. మిగిలిన సందులోంచి గొట్టం మెలికలు తిరిగి రావాలి. దారి ఇరుకైతే అదే గాలి ఇంకా జోరుగా పోవాలి, ఈల వేస్తుంది. పైగా సన్నటి గాలిపొర బయటికి రాగానే చుట్టూ ఉన్న వేడిగాలిని కలుపుకుని త్వరగా నీరసపడిపోతుంది.

నా ఓటు ఎప్పుడూ ఆడి టీటీ కారుకే. 2014లో వచ్చిన మూడో తరం. డాష్‌బోర్డు మధ్యలో అసలు తెరే లేదు, గుండ్రటి వెంట్లు ఉన్నాయి, ఆ వెంటు నడిబొడ్డున తిప్పే నాబ్, నాబ్ మీద బుల్లి తెర. ఉష్ణోగ్రత అక్కడే చూస్తావు, అక్కడే తిప్పుతావు, గాలీ అక్కడ్నుంచే వస్తుంది. ఇంకేం కావాలిరా మనిషికి? ఇదే మీటింగులో అంటే పెద్దాయన మెర్సిడెస్ ఈక్యూఎస్ హైపర్‌స్క్రీన్ బొమ్మ తీశాడు. 141 సెంటీమీటర్ల అద్దం, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, పక్క వెంట్లు రెండూ ఆ అద్దం చివర్లలోకే దూర్చేశారు. "జనం ఇది అడుగుతున్నారు" అన్నాడు. ఏ జనం అని అడగబోయి ఊరుకున్నాను. హాస్టల్లో నన్ను ఫ్యానుగాడు అని ఎందుకు పిలిచేవారో ఆయనకి తెలియదు కాబట్టి బతికిపోయాడు.

సరే, బక్ కట్టాం. అంటే చెక్క, నురుగు, త్రీడీ ప్రింటు ముక్కలతో ఉత్తుత్తి కారు ముందు భాగం. వెనక నిజం బ్లోయరు, నిజం ఏసీ. ముందు పొగ యంత్రం పెట్టి చూపించారు. నల్లటి గదిలో లైటు వేస్తే ఆ పొగ తెర కిందనుంచి పలచటి పట్టీగా వచ్చి మెత్తగా పైకి లేచింది. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

తర్వాత మామూలు మనుషుల్ని కూర్చోబెట్టే కార్యక్రమం. అందులో మా ఆఫీసు క్యాబ్ తోలే ఒకాయన. సోలాపూర్ మనిషి, మగ్గాల కోసం తాతల కాలంలో అక్కడికెళ్ళి స్థిరపడిన మన తెలుగువాళ్ళు. అందరితో మరాఠీలోనే మాట్లాడతాడు. కూర్చున్నాడు, సీటు సర్దుకున్నాడు, తెర వైపు ఒకసారి చూశాడు. చెయ్యి చాచి గాలి కోసం వెతుకుతున్నాడు. పైన తడిమాడు, పక్కన తడిమాడు. నా వైపు తిరిగి మెల్లగా, "సాబ్, గాలి ఏడికెల్లి వస్తున్నది?" అన్నాడు. గదిలో ఆ మాట అర్థమైంది నాకొక్కడికే. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

ఆగు, ఇంకా ఉంది. గాలిని వెనక సీటుకి పంపమన్నారు. తెర తాకాడు, పాటలొచ్చాయి. ఇంకోటి తాకాడు, మ్యాపు వచ్చింది. వెనక్కి నొక్కాడు. డ్రైవింగులో చూపు ఒక్కోసారి రెండు సెకన్లకు మించి రోడ్డు వదలకూడదనీ, ఒక పనికి చూపు రోడ్డు వదిలిన సమయమంతా కలిపినా 12 సెకన్లు దాటకూడదనీ అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లోనే రాసిపెట్టింది. మా రీసెర్చ్ అమ్మాయి స్టాప్‌వాచీ వంకా పెద్దాయన వంకా మార్చి మార్చి చూస్తోంది.

అప్పుడు తీశాడు బావా, జేబులోంచి. మొబైల్ హోల్డర్! అదే, వెంటు రెక్కలకి తగిలించే క్లిప్పు. "ఇది ఏడ పెట్టాలె సాబ్?" రెక్కలేవీ? లేవు. ఆయన ఊరుకునే రకం కాదు, ఆ గీత పెదవికే క్లిప్పు దూర్చి నొక్కాడు. టక్. నిగనిగలాడే నల్లపట్టీ రెండు ముక్కలు. పెద్దాయన మొహం నువ్వు చూడాల్సింది. చిలకలూరిపేటలో ఆ బిల్లు వచ్చినప్పుడు నీ మొహం, అంతే.

"ఇంత పెద్ద తెర ఉండగా మొబైల్ ఎందుకు?" అని ఇంగ్లీషులో అడిగారు. నేను తెలుగులో అడిగాను. ఆయన జవాబు యథాతథంగా: "ట్రిప్పులు మొబైల్లనే వస్తయి సాబ్, ఈ టీవీల రావు. ఎండల మొబైల్ కాలి బందైతది. ఏసీ ముంగట పెడితె సల్లగుంటది."

చూశావా? తెరనీ వెంటునీ ఎలా కలపాలా అని మేం బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే, ఆయన కొన్నేళ్ళుగా కలిపే తిరుగుతున్నాడు! తెరకి ఎండ వేడి, లోపలి దీపాల వేడి రెండూ పడవు, పక్కనే చల్లగాలి ఉంది. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ చల్లగాలిలో పిసరంత తెర వెనక్కి మళ్ళిస్తే? కానీ మన కాకినాడలాంటి ఊళ్ళో వానాకాలం అది చేస్తే చల్లబడ్డ చోటల్లా నీటి బొట్లు పడతాయి, సర్క్యూట్ గోవిందా. నురుగు చుట్టాలి, మళ్ళీ చోటు. పోనీ ఫోను కోసమే ఒక గూడు పెట్టి...

అది తర్వాత. ఇంకో తలనొప్పి చెప్పడం మర్చిపోయాను. తల తగిలే భాగాలకి పరీక్ష ఉంటుంది, 6.8 కిలోల తల బొమ్మని గంటకి 24 కిలోమీటర్ల వేగంతో కొడతారు. దెబ్బ జోరు 80 జీ (అంటే భూమ్యాకర్షణకి 80 రెట్లు) దాటి 3 మిల్లీసెకన్లకు మించి ఉండకూడదు. అంటే మా తెర అంచూ, ఆ వెంటూ ముందు లొంగాలి, గుచ్చుకోకూడదు. పెద్దాయన గీతకి లోపల గట్టి రేకు కావాలి, నా రెక్కలు ప్లాస్టిక్, విరుగుతాయి. విరగడమే కావాల్సింది అక్కడ! ఈ పాయింటు మీటింగులో నేను లేవదీస్తే ఆయన మొదటిసారి నోట్సు రాసుకున్నాడు.

చివరికి ఏమైందంటావా, సగమే అయింది. గీత ఉంటుందట, కానీ తెర ఒక మెట్టు కిందికి దిగుతుంది, గాలి తిప్పడానికి వేలికి దొరికే చిన్న మీట ఉంటుంది. రెక్కలు వెనక్కి వచ్చాయి, మూడే, అయినా వచ్చాయి. ఖర్చులు చూసే ఆయన మాత్రం మీటకి ఎంతవుతుందో లెక్క చెప్పమని కూర్చున్నాడు. గురువారం మళ్ళీ మీటింగు. ఆ డ్రైవరుగారిని మళ్ళీ పిలవమని నేను పట్టుబట్టాను, పెద్దాయన పట్టీ ముక్కల వంక చూసి ఏమీ అనలేదు.

నీ కారుకైతే ప్రస్తుతానికి ఇలా చెయ్: వెంటు రెక్కలు పూర్తిగా పైకి ఎత్తెయ్, ఫ్యాను ఒక అంకె పెంచు, చెల్లెమ్మ వైపు వెంటు మూసెయ్యకు, మూస్తే నీకు రెట్టింపు వస్తుందనుకోకు, చెల్లెమ్మ మాత్రం రెట్టింపు అరుస్తుంది. ఇంకా మన వాడి పెళ్ళి సంగతి రాయాలి, ఆ పిల్ల వాళ్ళ నాన్నగారు ఎవరో తెలుసా, మనం సెకండియర్లో...

ట్యాంకరు వచ్చిందిరా, కింద వాచ్‌మన్ అరుస్తున్నాడు. సంపు మూత తియ్యాలి. రాస్తా.

నీ
ఫ్యానుగాడు