కొత్త ఆర్డర్లకు రేటు, పద్ధతి రెండూ మారుతున్నాయి

కస్టమర్లకు నమస్కారం.

యుద్ధ విమానాల సాఫ్ట్‌వేర్ పరీక్షకు ఇకపై తీసుకునే ఆర్డర్లకు రేటు పెంచుతున్నాం. ఎంతన్నది కొటేషన్‌లో ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, పని పద్ధతి మారుతోంది.

ఇప్పటిదాకా కోడ్ అంతా రాసేశాక, డెలివరీ తేదీ నెత్తి మీదికి వచ్చాక మా దగ్గరికి వస్తున్నారు. టెండర్‌లో పరీక్షకని పెట్టిన గడువును అప్పటికే కోడింగ్ తినేసి ఉంటుంది. పత్రాలు తెరిస్తే "పైలట్ ఆదేశానికి సిస్టమ్ వెంటనే స్పందించాలి" అని ఒక వాక్యం. వెంటనే అంటే 20 మిల్లీసెకన్లా, 200 మిల్లీసెకన్లా? ఆ అంకె లేకుండా పాస్ అని సంతకం పెట్టలేం. మొదట్లోనే అడిగితే ఒక్క మీటింగ్‌తో తేలిపోయే సంగతి ఇది. చివర్లో అడిగితే కోడ్ మార్చాలి, పాత పరీక్షలన్నీ మళ్లీ నడపాలి, రిగ్ (విమాన పరికరాలను నేల మీదే పరీక్షించే సెటప్) మీద స్లాట్ కోసం మళ్లీ పడిగాపులు. ఆ టెన్షన్ మీకూ తెలుసు.

డబ్బుంటే ఇవన్నీ ఉండవనుకోవద్దు. అమెరికా యుద్ధ విమానం ఎఫ్-35లో టీఆర్-3 అనే కొత్త కంప్యూటర్ వ్యవస్థ పెడితే, సాఫ్ట్‌వేర్ కుదురుకోక 2023 జులై నుంచి ఏడాదిపాటు ఆ విమానాలను ప్రభుత్వం తీసుకోలేదు. తయారైనవి తయారైనట్టే నిలబడిపోయాయి. 2024 జులైలో తీసుకోవడం మొదలైనా, ముందు వచ్చింది శిక్షణకు సరిపోయే సాఫ్ట్‌వేరే. విచిత్రం ఏమిటంటే, వాడేవాళ్లను మొదటి నుంచీ కలుపుకోవాలి, కనీసం ఏడాదికోసారి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఇవ్వాలి అంటూ 2020లోనే అక్కడి రక్షణ శాఖ సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు విడిగా ఓ దారి వేసింది.

కాబట్టి ఇకపై రిక్వైర్‌మెంట్లు రాసే దశలోనే మా మనిషి ఒకరు మీతో కూర్చుంటారు. దానికి వేరే బిల్లు ఉంటుంది, బేరం లేదు. మిగతా డబ్బు రిలీజుల వారీగా ఇస్తే చాలు.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాం. విమానాన్ని గాల్లో అదుపు చేసే ఫ్లైట్ కంట్రోల్ కోడ్‌కు తొందర పెట్టకండి. విమాన సాఫ్ట్‌వేర్ భద్రతా ప్రమాణం డీవో-178సీలో అన్నిటికన్నా కఠినమైన 'లెవెల్-ఏ' పనిలో, కోడ్ తీసుకునే నిర్ణయాల్లోని ఒక్కో షరతు విడివిడిగా ఫలితాన్ని మారుస్తోందని చూపాలి, దానికి పట్టే టైమ్ పడుతుంది. స్వీడన్ వాళ్లు తమ యుద్ధ విమానం గ్రిపెన్-ఈలో ఆ కోడ్‌ను, మిషన్ సాఫ్ట్‌వేర్‌ను (డిస్‌ప్లేల వంటి పోరాట పనులు చూసేది) వేరు చేసి ఉంచారు. డిస్‌ప్లేలో మార్పు చేస్తే ఫ్లైట్ కంట్రోల్‌ను మళ్లీ పరీక్షించక్కర్లేదు. మీ డిజైన్‌లో అలాంటి గోడ ఉంటే మా కొటేషన్ తగ్గుతుంది.

నడుస్తున్న ఆర్డర్లకు పాత రేటే, పాత షరతులే.