ఇషాపూర్ రైఫిల్‌ను పేల్చనీయకుండా ఆపిన వారికి కృతజ్ఞతలు

డల్లాస్ శివారులోని మా రైఫిల్ క్లబ్బు పెద్దాయనకు, మూడు శనివారాలు తన పనిబల్ల దగ్గర నన్ను నిలబెట్టుకుని ఓపికగా నేర్పిన తుపాకుల మెకానిక్కుకు, కర్నూలులో కూర్చుని వీడియో కాల్‌లోనే సగం తనిఖీ చేయించిన మా నాన్నగారికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను.

నాన్నగారు హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ చేశారు. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆయన భుజాన ఉన్నది త్రీ నాట్ త్రీయే, అంటే .303 తూటా పేల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలే. అందుకే ఇక్కడి పాత తుపాకుల సంతలో ఇషాపూర్ (బెంగాల్‌లోని మన తుపాకుల కర్మాగారం) అన్న పేరు, 1942 అన్న సంవత్సరం కొట్టి ఉన్న లీ-ఎన్‌ఫీల్డ్ కనబడగానే బేరమైనా ఆడకుండా కొనేశాను. మన దేశంలో ఆ బోరు మామూలు పౌరులకు నిషిద్ధం కనుక, దాన్ని సొంతంగా ముట్టుకునే యోగం నాకు టెక్సస్‌లోనే పట్టింది. అమ్మినాయన ‘మొన్నటిదాకా పేల్చినదే’ అన్నాడు. నేను నమ్మి, ఆ ఆదివారమే రేంజికి పట్టుకుపోయాను. తూటా పెట్టబోతుండగా పెద్దాయన నా చేయి పట్టుకుని, గేజి (లోపలి సందు కొలిచే లోహపు ముక్క) పెట్టి చూడనిదే పేల్చడానికి వీల్లేదన్నారు.

ఆ రాత్రి నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న ‘బోల్టు పిడి మీది నంబరూ, బాడీ మీది నంబరూ ఒకటేనా, చూసినావా?’ అని. చూస్తే ఒకటి కాదు. బోల్టంటే పిడి పట్టి ముందుకు తోసి తూటా వెనక మూసే కడ్డీ, బాడీ అంటే అది కూర్చునే రైఫిల్ నడిమి భాగం. లీ-ఎన్‌ఫీల్డ్‌లో తాళం పడే లగ్గులు, అంటే బోల్టును పట్టి నిలిపే పొడుచుకొచ్చిన దిమ్మలు, బోల్టు వెనక భాగంలో ఉంటాయి, ఏ బోల్టుకు ఆ బాడీలోనే వాటిని కుదురుస్తారు; కాబట్టి వేరే రైఫిల్ బోల్టు తెచ్చి దూరిస్తే భారమంతా ఒకే లగ్గు మీద పడే ప్రమాదం ఉంది. మెకానిక్కు రెండు లగ్గులకూ నీలిరంగు పూసి, బోల్టు మూసి తీసి చూశారు. అదృష్టవశాత్తు రంగు రెండు వైపులా సమానంగా చెరిగింది. డ్రిల్లుకు మాత్రమే కేటాయించిన రైఫిళ్ల మీద కొట్టే ‘డీపీ’ ముద్ర ఎక్కడా లేదని కూడా నిర్ధారించుకున్నాం.

అసలు దోషం హెడ్‌స్పేస్‌లో, అంటే మూసిన బోల్టుకూ బ్యారెల్‌కూ మధ్య తూటా అడుగుకు మిగిలే సందులో, బయటపడింది. .303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. ఆ అంచు కూర్చునే సందు సైనిక ప్రమాణం ప్రకారం 0.064 అంగుళాల గేజిని పట్టాలి, 0.074 గేజిని పట్టకూడదు. నా రైఫిల్లో పెద్ద గేజి పెట్టి వేలితో తాకితే చాలు, పిడి దానంతట అదే జారి కిందికి పడిపోయింది. అంత సందు ఉంటే ఇత్తడి కేసు అడుగు దగ్గర సాగి తెగిపోవచ్చు, వేడి వాయువు నా ముఖం వైపే రావచ్చు. ఈ సందు తగ్గించాలంటే బోల్టు ముందు కొసన బిగించే ముక్కను, అంటే బోల్ట్ హెడ్‌ను, కాస్త పొడుగుదానితో మార్చాలి. లీ-ఎన్‌ఫీల్డ్‌లలో నంబర్ 4 రకానికైతే ఆ హెడ్‌ల మీద పొడుగును బట్టి 0 నుంచి 3 వరకు అంకెలుంటాయి. నాది నంబర్ 1 రకం కనుక ఆ సౌకర్యం లేదు. మెకానిక్కు బిస్కెట్ డబ్బా నిండా దాచుకున్న పాత హెడ్‌లను ఒక్కొక్కటే మైక్రోమీటరుతో కొలిచి బిగించి చూశారు. నాలుగోదానికి, పెద్ద గేజి మీద పిడి సగంలోనే గట్టిగా ఆగింది. చిన్న గేజి మీద మాత్రం మెత్తగా మూసుకుంది. ఆ క్షణంలో ఆయన ముఖం చూసి తీరాలి.

బ్యారెల్లో గడ్డకట్టిన గ్రీజు కడగడానికే ఒక రోజంతా పట్టింది. పుల్‌త్రూ (గుడ్డపీలిక కట్టి బ్యారెల్ గుండా లాగే తాడు) లాగిన ప్రతిసారీ ఆ పీలిక తెల్లగా వచ్చేదాకా నాన్నగారు ఫోను పెట్టనివ్వలేదు.

చివరికి రైఫిల్‌ను పాత టైరుకు కట్టి, గోడ చాటు నుంచి తాడు లాగి, కొత్త ఫ్యాక్టరీ తూటాలు మూడు పేల్చాం. పెద్దాయన ప్రతి ఖాళీ కేసునూ ఎండకు పట్టి, కేసు సాగిందని చెప్పే మెరిసే గీత ఏదైనా అడుగుకు కాస్త పైన ఉందేమోనని చూశారు. పేపర్ క్లిప్పు కొన వంచి లోపల కూడా తడిమి, ఎక్కడా గాడి తగలడం లేదన్నారు. ఆ తరువాతనే రైఫిల్ నా భుజానికెక్కింది, ఇంకో ఐదు రౌండ్లు కాల్చాను.

మెకానిక్కు బోల్ట్ హెడ్‌కు డబ్బు పుచ్చుకోలేదు, బిస్కెట్ డబ్బా మాత్రం కొత్తది తెమ్మన్నారు, తెచ్చి ఇచ్చాను. ఇంటికొచ్చి నాన్నగారికి ఫోను చేసి బాగా పేలిందని చెబితే, ఆయన ఒకే ఒక్క మాట అడిగారు: ‘ఎనిమిది రౌండ్లకు ఎనిమిది ఎంప్టీలూ లెక్కకొచ్చినాయా?’