2024 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, పోలండ్‌లోని క్రాకోవ్‌లోను చుట్టుపక్కల ఊళ్ళలోను ఉంటున్న మన తెలుగు సంఘ సభ్యులందరికీ నమస్కారం. 2024లో ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి పండుగలను యథావిధిగా జరుపుకున్నాం. పిల్లల తెలుగు తరగతులు మధ్యలో కొన్ని వారాలు ఆగినా మళ్ళీ మొదలై సాగుతున్నాయి. ఇవన్నీ మీరు దగ్గరుండి చూసినవే. అందువల్ల ఆ ఏడాది మనం మొదటిసారి తలపెట్టిన పని గురించే, అంటే జూన్‌లో పిల్లలను వియాంకి పండుగకు తీసుకువెళ్ళిన సంగతి గురించే, కొంచెం వివరంగా రాస్తున్నాను.

మనలో చాలామందికి వియాంకి అంటే వావెల్ కోట కింద, విస్తులా నది ఒడ్డున జరిగే పాటకచేరీ, ఆ రాత్రి జనసమ్మర్దం. అయితే ఆ మాటకు అర్థం పూలదండలు. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగకు ముందు రాత్రి, అంటే ఏడాదిలో అతి పొట్టి రాత్రుల్లో ఒకదానినాడు, ఇక్కడి పల్లెల్లో మంటలు వేసి వాటి మీదుగా దూకేవారు. పెళ్ళికాని ఆడపిల్లలు పూలను గుండ్రని దండలుగా అల్లి, నడుమ దీపం నిలిపి ఏటిలో వదిలేవారు. క్రైస్తవం రాకముందు నుంచీ ఉన్న ఈ ఆచారానికి కుపాలా రాత్రి అని, సొబుత్కా అని కూడా పేర్లున్నాయి. క్రాకోవ్‌లో దీనికి వాండా కథ తోడైంది. జర్మన్ రాజును పెళ్ళాడడం ఇష్టంలేక విస్తులాలో దూకిన రాకుమారి వాండాను తలుచుకుంటూ దండలు వదులుతారని ఇక్కడివారు చెబుతారు. మన పిల్లలు ఈ దేశంలో పుట్టి ఇక్కడి బడుల్లో చదువుకుంటూ, తరగతిలో పక్కన కూర్చున్న పిల్లల పండుగను దూరం నుంచి చూడడం బాగుండదని మార్చి నెల కార్యవర్గ సమావేశంలో ఒక తల్లి అన్న మాటతోనే ఈ ప్రయాణం మొదలైంది.

ఇక్కడి బడులకు జూన్ 20 తరువాత వచ్చే మొదటి శుక్రవారంతో ఏడాది ముగుస్తుంది. నిరుడు అది 21వ తేదీ. ఆ వారాంతంలో 17 మంది పిల్లలతో బయలుదేరాం. ముందుగా వావెల్ గుట్ట కింద నిప్పులు కక్కే డ్రాగన్ విగ్రహం దగ్గర ఆగాం, ఎందుకంటే చిన్నవాళ్ళు అక్కడి నుంచి కదలనన్నారు. తరువాత ఏటి ఒడ్డున దండలల్లడం నేర్పుతున్న ఇద్దరు పెద్దావిడల దగ్గర పిల్లలను కూర్చోబెట్టాం. సన్నని కొమ్మను వంచి చుట్టగా కట్టి, దాని మీద నీలి పూలు, తెల్ల చామంతి వంటి పూలు, సెయింట్ జాన్ పేరుతోనే పిలిచే పసుపుపచ్చని జురావెత్స్ పూలు వరుసగా పెట్టి, దారంతో బిగించడం వారు ఓపికగా చూపించారు. పూల మధ్య ఒత్తుగా పెట్టడానికి బిలిత్సా అనే ఆకు కట్టలు అక్కడ పడి ఉన్నాయి. పూర్వం ఆ రాత్రి దానిని నడుముకు చుట్టుకునేవారట.

కరీంనగర్ నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మ మాతో ఉన్నారు. ఆవిడ ఒక రెమ్మ తీసి, ఆకు వెనక్కి తిప్పి అడుగున ఉన్న తెల్లని నూగు చూసి, నలిపి వాసన పట్టి, "ఇది మాచిపత్రి గదా బిడ్డా, వినాయకునికి పెడ్తం" అన్నారు. నిజంగానే అది మాచిపత్రి. దండలు నేర్పుతున్న ఆవిడకు మా పిల్లల్లో ఒక అమ్మాయి ఆ సంగతి పోలిష్‌లో చెప్పింది. ఆవిడ ఆ కట్టంతా తీసి పెద్దమ్మ ఒడిలో పెట్టారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ తరువాత ఇద్దరూ అరగంటసేపు పక్కపక్కన కూర్చుని దండలు కట్టారు.

రాత్రి 9 గంటలు దగ్గరపడితే గాని అక్కడ పొద్దు గుంకలేదు. అప్పుడు మెట్ల మీద వరుసగా నిలబడి, ఒక్కొక్కరి చేయి ఒక పెద్దవారు పట్టుకోగా, పిల్లలు దండలు నీటిలో వదిలారు. దీపం ఆరిపోతే అపశకునమనే పాత నమ్మకాన్ని కావాలనే పిల్లలకు చెప్పలేదు. గాలికి నాలుగైదు దీపాలు వెంటనే ఆరిపోయాయి కూడా. తన దండ ఒడ్డుకే తిరిగి వచ్చిందని ఏడ్చిన ఆరేళ్ళ బాబుకు పెద్దమ్మ బతుకమ్మను సాగనంపే తీరు చెప్పి, నీళ్ళను చేత్తో మెల్లగా తోయించారు. దండ కదిలి ప్రవాహంలో పడింది. ఈ ఒక్క రాత్రే ఫెర్న్ మొక్క పూస్తుందని, ఆ పువ్వు దొరికినవారికి సిరి కలుగుతుందని ఇక్కడొక కథ ఉంది. ఫెర్న్ ఎన్నడూ పూయదని పెద్ద పిల్లలు వాదించినా, ట్రామ్ ఎక్కేదాకా చిన్నవాళ్ళు పొదలు వెతుకుతూనే ఉన్నారు.

సెప్టెంబరు 7న వినాయక చవితికి ఆ పిల్లలే విస్తులా గట్టున మాచిపత్రి కోసుకువచ్చారు. 21 పత్రుల పూజలో మొదట సమర్పించే ఆ పత్రిని ఇన్నేళ్ళూ ఇక్కడ దొరకదనుకుని అక్షతలతో సరిపెట్టాం. ఈసారి పూజలో ఆ పేరు చదివినప్పుడు పిల్లలు తామే లేచి ఆకులు పెట్టారు. సంఘం పుట్టినప్పటి నుంచి నేను చూసిన పూజల్లో నాకు అత్యంత సంతోషం కలిగించినది ఇదే.

ఒక విషయం బాధతోనే రాయవలసి వస్తోంది. ఈ ప్రయాణానికి సాయం చేస్తామని పేర్లిచ్చినవారు 12 మంది, వచ్చినవారు ఐదుగురు. నది ఒడ్డున, చీకట్లో, పసిపిల్లలతో ఉన్నప్పుడు ఆ లోటు ఎంత భయపెడుతుందో రానివారు ఒకసారి ఆలోచించాలి. రాలేకపోతే ముందురోజైనా చెప్పమని కోరుతున్నాను. తెలుగు తరగతులకు గది కోసం ఒక కార్యాలయానికి ఫిబ్రవరిలో, మేలో, సెప్టెంబరులో మూడు ఉత్తరాలు రాశాం. అందినట్టు కూడా జవాబు రాలేదు. ఇప్పటికీ తరగతులు సభ్యుల ఇళ్ళలోనే జరుగుతున్నాయి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి సభ ముందుంచుతారు. వియాంకికి ట్రామ్ టికెట్లు, పూలు, దీపాలు, దారం తప్ప సంఘం నిధి నుంచి ఖర్చేమీ కాలేదు.

దండలల్లడం నేర్పిన ఇద్దరు పెద్దావిడలకు, పెద్దమ్మగారికి, ఆ రాత్రి చివరి పిల్లవాడు ఇల్లు చేరేవరకు ఫోన్ చేతపట్టుకుని కూర్చున్న ఉపాధ్యక్షులకు, పులిహోర పొట్లాలు కట్టిచ్చిన నలుగురు తల్లులకు, ఇంటి గదులు ఇచ్చిన కుటుంబాలకు, పండుగలన్నిటికీ వంట బాధ్యత మోసిన యువజన బృందానికి సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. వచ్చే జూన్ ప్రయాణానికి పేర్లు ఈ సభలోనే రాసుకుంటాం. నిరుటి దారపు ఉండలు, మిగిలిన దీపాలు కోశాధికారిగారి ఇంట్లో భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి