సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఎన్ని గంటలు?

చిరంజీవి అమ్మలూ,

నువ్వు పంపిన లెక్క చూశాను. సింగపూర్ నుంచి న్యూయార్క్ సుమారు 15,300 కిలోమీటర్లు, విమానం గంటకు 900 పోతుంది కాబట్టి 17 గంటలు అన్నావు. భాగహారం సరిగ్గానే ఉంది తల్లీ. కానీ దిగిన రోజు మధ్యాహ్నమే ఇంటర్వ్యూ పెట్టుకుంటానన్నావు చూడు, అది చదివాక మనసు ఒప్పుకోక ఇంత వివరంగా రాస్తున్నాను.

గోడమీది మ్యాపులో స్కేలు పెట్టి గీసే గీత అసలు దారి కాదు. గ్లోబు దగ్గర పెట్టుకుని, దారం ఒక కొసని సింగపూర్ మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొసని న్యూయార్క్ దాకా బిగించి లాగు. దారం పక్కకు జారి జారి చివరికి ఉత్తర ధ్రువం దగ్గర కుదురుకుంటుంది. ఈ రెండు ఊళ్ల రేఖాంశాలకూ దాదాపు 178 డిగ్రీల తేడా మరి, ఒకటి భూమికి ఇటువైపు, ఇంకొకటి అటువైపు. 15,300 అనేది ఆ దారం పొడవు.

అయితే విమానం రోజూ ఆ దారం వెంటే పోదు. తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటి వీస్తుంది. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక విమానం ఆ గాలి వాలున 5 గంటల లోపే చేరింది. ఎదురుగాలికి అదే దారిలో తిరిగి రావాలంటే మామూలుగానే 7 గంటల పైన పడుతుంది. అందుకే నీ విమానం గాలి కలిసొస్తుందనుకుంటే పసిఫిక్ మీదుగా చుట్టు తిరిగి పోతుంది. దూరం పెరిగినా టైము కలిసొస్తుంది. రన్‌వే దాకా వెళ్లడం, దిగాక గేటు చేరడం కూడా కలుపుకుంటే 18 గంటలు దాటుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది గడియారం. వేసవిలో ఆ రెండు ఊళ్లకీ 12 గంటల తేడా, చలికాలంలో 13. నువ్వు వేసవిలో వెళ్తున్నావు కదా, అర్ధరాత్రి 12కి బయలుదేరి 18న్నర గంటలు ప్రయాణిస్తే అక్కడ అదే రోజు ఉదయం 6:30కి దిగుతావు. టికెట్ చూస్తే ఆరున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది! మధ్యాహ్నం 2 గంటలకు వాళ్లు ప్రశ్నలడిగేసరికి నీ ఒంటికి మాత్రం రాత్రి 2. ఎంత చదువుకుని వెళ్లినా ఆ వేళప్పుడు మాట తడబడుతుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న అవకాశం నిద్రమత్తులో చేజారకూడదు.

ఇంటర్వ్యూని రెండు మూడు రోజులు వాయిదా వెయ్యమని వాళ్లకి ఈరోజే రాయి. ముందే అడగడంలో నామోషీ ఏమీ లేదు. విమానంలో మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యి, నీళ్లు తాగు. దిగాక పగలు పడుకోకుండా ఎండలో కాసేపు తిరుగు. బయలుదేరే టైము, దిగే టైము రెండూ ఏ ఊరి గడియారం ప్రకారమో రాసి పంపు, లేకపోతే మీ అమ్మ ఆరున్నర గంటలకే ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఆశీస్సులతో,
నాన్న