కారు సెకండ్ హ్యాండ్‌ది, కస్టమర్ కాదు

మారతహళ్ళి, బెంగళూరు
ఏప్రిల్ 23, 2025

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: 'పరిష్కరించాం' అని మీరు మూసేసిన నా ఫిర్యాదు

అయ్యా లేక అమ్మా,

మీ పేరు పెట్టి రాద్దామనుకున్నాను. మీ కాల్ సెంటర్లో ముగ్గురిని అడిగాను. పేరు చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు. అందుకని మీరు అయ్యగారో అమ్మగారో తెలియకుండానే మొదలుపెడుతున్నాను. ఒక్క మనవి. ఇది చదివాక దయచేసి "కారులో ప్రాబ్లం ఏంటి సార్, కొంచెం వివరంగా చెప్తారా" అని మాత్రం ఫోన్ చేయించకండి. ఇప్పటికి తొమ్మిది సార్లు చెప్పాను, నాలుగు సార్లు రాశాను, ఒకసారి కాగితం మీద బొమ్మ గీసి కూడా చూపించాను. గేర్‌బాక్స్ పనిచేయడం లేదు. మిగతాదంతా మీ కంప్యూటర్లోనే ఉంది, ఎవరైనా తెరిచి చూస్తే.

యంత్రమన్నాక పాడవుతుంది. దాని మీద నాకు కోపం లేదు. ఈ 47 రోజులు నన్ను తిప్పిన తీరు మీద ఉంది.

ముందు నేనెవరో చెప్పుకోవాలి, ఎందుకంటే మీ దగ్గర నేను ఆరు టికెట్ నంబర్లు తప్ప మనిషిని కాను. 2016లో మీ షోరూమ్‌లో కొత్త సెడాన్ కొన్నాను. ఎనిమిదేళ్ళకు పైగా నడిపాను, ఒక్కసారి కూడా ఆయిల్ బయట మార్పించలేదు. మా వీధి చివరి మెకానిక్ "సగం రేటుకి చేస్తా సార్, అదే ఆయిలు" అంటున్నా వినకుండా మీ బిల్లులే కట్టాను. 2019లో మా బావమరిది వేరే కంపెనీ కారు కొనబోతుంటే చెయ్యి పట్టుకుని మీ షోరూమ్‌కి తీసుకొచ్చాను. ఈ జనవరి 18న ఆ సెడాన్ మీకే ఇచ్చేసి, మీ సర్టిఫైడ్ యూజ్డ్ కార్ల విభాగంలో 2019 మోడల్ చిన్న ఎస్‌యూవీ తీసుకున్నాను. ధర 21 లక్షల 40 వేలు, కొంత మీ ఫైనాన్స్ విభాగం అప్పు. ఆ డబ్బుకి మామూలు కంపెనీది కొత్త ఎస్‌యూవీయే వస్తుంది కదా అని మా ఆవిడ అంది. "వీళ్ళ మీద నమ్మకం" అన్నాను. ఆ మాట ఆవిడ ఇప్పుడు రోజుకోసారి నాకు తిరిగి వినిపిస్తోంది.

మీ వాళ్ళలో ఒకరిద్దరు 'ఈయనకి కొనడం చేతకాలేదు' అన్నట్టు మాట్లాడారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా ఆఫీసులో పాత కారు కొనేవాళ్ళు ముందు నన్ను అడుగుతారు. ఈ కారు చూడటానికి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే వచ్చాను. ముందే వేడిచేసి పెడితే సగం రోగాలు దాక్కుంటాయి. టైరు గోడ మీద ఉండే నాలుగంకెలు చదివాను. 2319 అని ఉంది, అంటే 2019లో 23వ వారంలో చేసిన టైరు. కారుతో పాటు వచ్చినవే ఇంకా నడుస్తున్నాయన్నమాట, ఆ మేరకు ధర తగ్గించమన్నాను. ఆర్‌సీలో పాత ఓనరు లోను తాలూకు హైపోథికేషన్ (తాకట్టు నమోదు) తీసేశారో లేదో చూశాను. ఇన్సూరెన్స్ క్లెయిములు అడిగాను. మీ సేల్స్ అబ్బాయి డీజిల్ బండి చూపిస్తే వద్దన్నాను. రోజూ బెల్లందూరు దాకా నత్తనడక నడిచే బండికి పొగగొట్టంలోని ఫిల్టరు మసిని కాల్చుకునే సందే దొరకదు, మూసుకుపోతుంది. ఈ బండికి ఉన్నలాంటి రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కుతుందని కూడా నాకు తెలుసు. అందుకే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన రసీదు చూపించమన్నాను, బండిని లిఫ్టు ఎక్కించి కింద తడి ఉందేమో చూశాను, టెస్ట్ డ్రైవ్‌కి ఖాళీ రోడ్డు కాకుండా సాయంత్రం ఆరింటి వైట్‌ఫీల్డ్ రోడ్డే ఎంచుకున్నాను. ఆ రోజుకి బాగానే ఉంది.

ఒక్కటే చూడలేదు. కొనకముందు మీ కస్టమర్ కేర్‌కి ఓ ఫోన్ కొట్టి, అవతల ఎవరైనా ఎత్తుతారో లేదో చూసుకోలేదు. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే టైర్ల కంటే ముందు అదే చెబుతున్నాను.

ఇక మార్చి 7, శుక్రవారం. రాత్రి ఏడున్నరకి ఔటర్ రింగ్ రోడ్డు మీద, మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర బండి ఆగిపోయింది. వెనక సీట్లో మా అమ్మ, మా పాప. వెనక నుంచి హారన్లు. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. లొకేషన్ అడిగింది, మారతహళ్ళి బ్రిడ్జి అన్నాను. స్పెల్లింగ్ అడిగింది, చెప్పాను. "దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏదైనా ఉందా సార్?" అంది. తల్లీ, ఈ ఊళ్ళో సగం మంది తమ ఇంటికి దారి చెప్పేటప్పుడు ల్యాండ్‌మార్క్‌గా చెప్పేదే ఆ బ్రిడ్జి అన్నాను. "ఓకే సార్, ల్యాండ్‌మార్క్ లేదు అని నోట్ చేసుకున్నాను" అంది. లారీ రావడానికి 3 గంటల 20 నిమిషాలు పట్టింది. అంతలో బండిని పక్కకి తోసి పెట్టింది ఒక నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు, ఇద్దరు ఆటోవాళ్ళు. వాళ్ళకి నేను ఏ వారంటీ డబ్బులూ కట్టలేదు.

మర్నాటి నుంచి మొదలైంది అసలు యాత్ర. హోసూర్ రోడ్డులోని మీ వర్క్‌షాప్ అంటుంది, ఇది యూజ్డ్ కార్ల వారంటీ కాబట్టి అమ్మిన షోరూమ్ అప్రూవల్ ఇవ్వాలి. వైట్‌ఫీల్డ్ షోరూమ్ అంటుంది, మేం అమ్మడం వరకే సార్, వారంటీ చూసే వాళ్ళు వేరు. ఆ వేరే వాళ్ళు అంటారు, వర్క్‌షాప్ నుంచి ఎస్టిమేట్ రాలేదు. వర్క్‌షాప్ అంటుంది, మొన్ననే పంపాం. వాళ్ళంటారు, మాకు అందలేదు. అదే మెయిలు ఇద్దరినీ కలిపి నేనే పంపాను. అప్పుడేమన్నారంటే, కస్టమర్ పంపితే చెల్లదు, వర్క్‌షాప్ వాళ్ళే పంపాలి.

ఎవరూ పేర్లు చెప్పరు కాబట్టి నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటి వారమంతా మాట్లాడింది 'నోట్ చేసుకున్నాను'. ఆవిడ మర్యాదకి వంక పెట్టలేం. నేను ఏడ్చినా నోట్ చేసుకునేది. రెండో వారం 'ఇరవై నాలుగు గంటలు' వచ్చాడు. ఎప్పుడు చేసినా ఇరవై నాలుగు గంటల్లో కాల్ వస్తుందనేవాడు. గడియారం మీ దగ్గర ఎలా తిరుగుతుందో తెలియదు, ఆయన చెప్పిన మొదటి ఇరవై నాలుగు గంటలు ఇంకా పూర్తికాలేదు. తర్వాత 'మెయిల్ పెట్టండి'. మెయిల్ పెట్టాను. మెయిల్ అందిందని మెయిల్ వచ్చింది, దీనికి జవాబు పంపొద్దని దాని అడుగునే రాసి ఉంది. వర్క్‌షాప్‌లో 'స్వల్ప అడ్జస్ట్ మాడి' (కన్నడంలో 'కొంచెం సర్దుకోండి') ఉన్నాడు. అతను మాత్రం పాపం మంచివాడు, ఎప్పుడు వెళ్ళినా టీ తెప్పించేవాడు. నాకు తెలిసి మీ కంపెనీలో నాకోసం ఏదైనా తెప్పించిన వాడు అతనొక్కడే.

ప్రతిసారీ కొత్త టికెట్ నంబరు. పాత నంబరు చెబితే అది క్లోజ్ అయింది సార్ అంటారు. ఉగాదికి మా ఊరు హిందూపురానికి ఈ కారులోనే వెళ్దామని పాపకి మాటిచ్చాను. నలుగురం బస్సెక్కాం, కండక్టర్ నాలుగు టికెట్లే కొట్టాడు. నిలబడిపోయిన ఒక్క కారుకి మీరు ఆరు కొట్టారు.

మార్చి 22 శనివారం నేనే షోరూమ్‌కి వచ్చాను. జనవరిలో నాకు ఫిల్టర్ కాఫీ తెచ్చి, కారుకి బంతిపూల దండ వేసి, కేక్ కోయించి, మా పాప చేతికి పెద్ద అట్ట తాళం ఇచ్చి ఫొటో తీసిన సేల్స్ అబ్బాయి అద్దాల గదిలోంచి నన్ను చూశాడు. చూసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోన్ మోగలేదు, నేను గమనించాను. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అంటే ఏమిటో మా పాపకి స్కూల్లో చెప్పారట. ఆ రోజు నాతో వచ్చి ఉంటే ఇంకా బాగా అర్థమయ్యేది. మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. రెండు గంటలు కూర్చున్నాను. ఆ రెండు గంటల్లో ఇద్దరు కొత్త కస్టమర్లు వచ్చారు, మేనేజర్ గారు మీటింగ్‌లోంచి బయటికొచ్చి ఇద్దరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి మళ్ళీ మీటింగ్‌లోకి వెళ్ళారు.

చివరికి ఏప్రిల్ 9న ఒక సీనియర్ అని చెప్పుకున్నాయన ఫోన్ చేశాడు. ఈ ఫిర్యాదు మీద 33 రోజుల తర్వాత మీ వైపు నుంచి వచ్చిన మొదటి కాల్ కాబట్టి ఆఫీసు మీటింగ్ వదిలేసి బయటికొచ్చి ఎత్తాను. ఎస్టిమేట్ 3 లక్షల 85 వేలు అయింది, క్లచ్ అరిగిపోయే వస్తువు కాబట్టి వారంటీ రాదన్నాడు. పాడైంది క్లచ్ కాదు, దాన్ని నడిపే కంట్రోల్ యూనిట్ అని మీ వర్క్‌షాప్ కాగితమే చెబుతోంది కదా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అన్నాడు: "సార్, ఎంతైనా మీరు సెకండ్ ఓనర్ కదా. సెకండ్ హ్యాండ్ అంటే కొంచెం అలానే ఉంటుంది."

ఈ ఉత్తరం రాయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. అయ్యా, సెకండ్ హ్యాండ్‌ది కారు. నేను మీకు తొమ్మిదేళ్ళుగా ఫస్ట్ హ్యాండ్ కస్టమర్‌నే. మీకు నేనిచ్చిన నోట్లు కూడా ఎవరూ వాడనివి కావు, మరి వాటిని ఎందుకు కాదనలేదు? కారు మీద మీ సర్టిఫైడ్ స్టిక్కరు మీరే అతికించారు. ఏడాది వారంటీ అని మీరే సంతకం పెట్టి ఇచ్చారు. 'కొంచెం అలానే ఉంటుంది' అన్నది ఆ కాగితంలో ఏ పేజీలో ఉందో చూపించండి.

ఏప్రిల్ 16న మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించాం, మా సేవకి అయిదుకి ఎన్ని చుక్కలిస్తారు అని. ఆ టైముకి కారు మీ యార్డులో వేపచెట్టు కింద దుమ్ము కొట్టుకుని ఉంది. నేనే స్వయంగా చూసొచ్చాను. దాన్ని ఒకసారి కడిగినందుకు మాత్రం 1,180 రూపాయలు బిల్లు వేశారు. మీ కంపెనీలో ఫోన్లు ఎవరూ చేయరని కూడా అనలేను. నెలనెలా 5వ తేదీకి ముందు కిస్తు కోసం మీ ఫైనాన్స్ విభాగం తప్పకుండా చేస్తుంది. వాళ్ళకి హోల్డ్ మ్యూజిక్ ఉండదు, నా పేరు కూడా తెలుసు. కస్టమర్ కేర్‌ని ఆ విభాగంలో కలిపేయండి, అన్నీ బాగుపడతాయి.

ఇక నాకేం కావాలో చెప్పాలి కదా. గేర్‌బాక్స్ వారంటీలోనే బాగుచేసి, ఏం మార్చారో కాగితం మీద రాసివ్వాలి. లేదా కారు మీరే తీసుకుని డబ్బు తిరిగివ్వాలి. ఈ రెంటిలో ఏదైనా సరే, నాతో మాట్లాడటానికి పేరున్న ఒక్క మనిషిని పెట్టండి. నిజం చెప్పాలంటే ఆ మూడోది మొదటి వారంలోనే చేసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

15 రోజులు చూస్తాను. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెబుతాను, అక్కడైనా ఎవరో ఒకరు ఎత్తుతారు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా నేనుండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లాయరు కూడా తప్పనిసరి కాదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. నేను కట్టిన సొమ్ముకి ఫీజు 1,000 రూపాయలు, అంటే కారు కడిగినందుకు మీరు వేసిన బిల్లు కంటే తక్కువ. గేర్‌బాక్స్ సంగతి అక్కడ ఇంజనీర్లు తేలుస్తారు. 'సేవలో లోపం' అన్న మాటకి మాత్రం ఇంజనీరు అక్కర్లేదు, నా ఫోన్ కాల్ హిస్టరీ చాలు. ఈలోగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో మీ ఎస్‌యూవీ ఎలా ఉందని అడిగారు. ఇంకా జవాబివ్వలేదు. మా బావమరిది కూడా తన కారు మార్చే ఆలోచనలో ఉన్నాడు.

మరొకటి. శనివారం వచ్చినప్పుడు చూశాను, మీ షోరూమ్ రిసెప్షన్ వెనక గోడ మీద 'మా సంతోషకరమైన కస్టమర్లు' అని ఫొటోలున్నాయి. పై వరుసలో ఎడమ నుంచి మూడోది మాది. పాప చేతిలో అట్ట తాళం, నా చేతిలో కేక్ కోసే కత్తి. కారు బాగయ్యేదాకా దాన్ని గోడ మీద నుంచి తీసేయండి. దానికైతే వర్క్‌షాప్ ఎస్టిమేట్ అక్కర్లేదనుకుంటాను.

ఇట్లు,
మీ ఆరు టికెట్ల కస్టమర్
(పేరు, కారు నంబరు, ఇన్‌వాయిస్, మీరు మూసేసిన టికెట్ల నకళ్ళు జతచేశాను. ఈసారైనా తెరవండి.)